నల్ల కుక్క బొగ్గు ముద్ద, ఎర్ర పిల్లి మాయం: బ్లాక్ అండ్ వైట్ పెట్ ఫోటోల్లో సమస్యలు, పరిష్కారాలు

మా ఇంట్లో ఒక నల్ల కుక్క, ఒక ఎర్ర పిల్లి ఉన్నాయి. బ్లాక్ అండ్ వైట్ ఫోటోల్లో చెయ్యగలిగిన తప్పులన్నీ ఈ రెంటి మీదే చేశాను. మీ ఫోటోలో ఏ రోగం ఉందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్ళండి, మొదటి నుంచి చదవాల్సిన పని లేదు.

నల్ల కుక్క ముద్దలా పడుతోంది

కన్ను, ముక్కు, చెవి ఏదీ తెలియదు. గోడకు కుక్క ఆకారంలో కన్నం పెట్టినట్టు ఉంటుంది. తప్పు సగం కెమెరాది, సగం మనది. కెమెరాకు నలుపు, తెలుపు తెలియవు, ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. కుక్క వెనక సున్నం కొట్టిన గోడ ఉంటే ఆ తెలుపు చూసి వెలుగు తగ్గించేస్తుంది, కుక్క చీకట్లో కలిసిపోతుంది. ఫ్రేమ్ నిండా నల్ల బొచ్చే ఉంటే ఉల్టా, వెలుగు పెంచేసి కుక్కకు విభూతి రాసినట్టు చేస్తుంది. ఫోన్ అయితే తెర మీద కుక్క ముఖం నొక్కి వెలుగు గుర్తును పైకో కిందికో జరపండి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచిన వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) తెల్ల గోడ ముందు ప్లస్ 1, ఫ్రేమ్ నిండా నలుపైతే మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టండి. ఫ్రేమ్ నిండా తెల్ల కుక్క ఉంటే ప్లస్ 0.7 వెయ్యండి, కానీ బొచ్చు పూర్తిగా తెల్లబడి వివరం పోతే ఏ ఎడిటింగూ దాన్ని తిరిగి తేలేదు.

ఇక మన తప్పు, వెలుగు వచ్చే దిక్కు చూసుకోకపోవడం. నల్ల బొచ్చు కంటికి ఆనేది దాని మీద మెరుపు వల్లే, ఆ మెరుపు పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుగులోనే వస్తుంది. నాకు కుదిరిన చోటు వీధి గుమ్మం. నేరుగా ఎండ పడని వేళ చూసుకుని, గడపకు రెండు మూడడుగుల లోపల కుక్కను కూర్చోబెట్టి, లోపలి లైట్లన్నీ ఆపేసి, నేను పక్క గోడనానుకుని కూర్చుంటాను. వెలుగు చెంప మీంచి మెడ మీంచి జారుకుంటూ పోతుంది, వెంట్రుకలు విడివిడిగా తెలుస్తాయి. ఎడిటింగ్‌లో షాడోస్ (చీకటి భాగాలను వెలిగించే స్లయిడర్) కొంచెం పెంచితే చాలు. చీకట్లో తీసేసి తర్వాత షాడోస్ 100 దాకా లాగితే వచ్చేది బూడిద, దాని మీద చుక్కలు.

కళ్ళలో జీవం లేదు

కంట్లో చిన్న తెల్ల చుక్క లేకపోతే ఎంత ముద్దొచ్చే కుక్కైనా దిష్టిబొమ్మే. మనం నిలబడి పైనుంచి తీస్తాం, అది నేలకేసి చూస్తుంటుంది, కళ్ళు నీడలో పడతాయి. బోర్లా పడుకోండి, బట్టలు మాసినా సరే. కుక్కల ఫోటోలకు పేరుపడ్డ ఫోటోగ్రాఫర్ ఎలియట్ ఎర్విట్ 1974లో న్యూయార్క్‌లో తీసిన ఫోటోలో టోపీ పెట్టుకున్న బుల్లి చువావా పక్కన పెద్ద కుక్కవి కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. కెమెరా కిందికి దిగబట్టే ఆ తమాషా వచ్చింది. కిందికి దిగాక కుక్క ముక్కును గుమ్మం వైపు తిప్పించాలి, మావాడికి బిస్కెట్ కవర్ చప్పుడు చాలు. పిల్లి సంగతంటారా, దాని ఇష్టం.

చుక్క కోసమని ఫ్లాష్ మాత్రం వెయ్యకండి. కుక్కలకూ పిల్లులకూ కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, ఫ్లాష్ దానికి తగిలి వెనక్కొస్తుంది. రంగుల్లో ఆకుపచ్చగా మెరిసే ఆ కన్ను బ్లాక్ అండ్ వైట్‌లో తెల్లగా, దెయ్యం పట్టినట్టు పడుతుంది. మామూలు రెడ్ ఐ టూల్ మనుషుల ఎర్ర కన్ను కోసం చేసింది, దీనికి పనికిరాదు. కంప్యూటర్‌లో ఫోటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ క్లాసిక్‌లో పెట్ ఐ అని వేరే ఉంది, అదీ పై పూతే.

రంగుల్లో బాగుంది, బ్లాక్ అండ్ వైట్ చెయ్యగానే పిల్లి మాయం

నేను ఎక్కువ కాలం కొట్టుకుంది దీని దగ్గరే. పెరట్లో పచ్చగడ్డి మీద ఎర్ర పిల్లి, చూడ్డానికి ఎంత బాగుందో! శాచురేషన్ (రంగు గాఢత) పూర్తిగా తీసేశాను, పిల్లీ గడ్డీ ఒకే బూడిద. కంటికి వాటిని విడదీసి చూపించింది రంగే, వెలుగులో రెండూ దాదాపు ఒకటే, కాబట్టి రంగు తీసేశాక తేడా ఏమీ మిగల్లేదు. శాచురేషన్ జోలికి పోకండి. లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ మిక్స్ తెరిస్తే ఒక్కో రంగుకు ఒక్కో స్లయిడర్ ఉంటుంది. ఆరెంజ్‌ను 30 దాకా పెంచండి, గ్రీన్ తగ్గించండి, ఎల్లో కూడా కొంచెం తగ్గించండి (గడ్డిలో మనం అనుకునేదానికన్నా పసుపు ఎక్కువ). పిల్లి వెలుగుతుంది, గడ్డి వెనక్కి పోతుంది. ఫిల్మ్ రోజుల్లో లెన్స్ ముందు ఎర్ర, పసుపు ఫిల్టర్లు బిగించింది ఇందుకే. ఫోన్‌లో ఎడిట్ చేసే స్నాప్‌సీడ్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ కింద ఉన్న రంగు ఫిల్టర్లు చేసేదీ ఇదే పని.

ఇందులో ఒక మెలిక ఉంది. పిల్లి కళ్ళు కూడా ఆకుపచ్చో పసుపో అయ్యుంటాయి, గడ్డితోపాటు అవీ నల్లబడతాయి. కళ్ళ మీద మటుకు బ్రష్ పెట్టి ఎక్స్‌పోజర్ కాస్త పెంచుకోండి. స్లయిడర్‌ను మరీ లాగితే బొచ్చు అంచున తెల్ల గీత వస్తుంది, అది కనబడగానే వెనక్కి తగ్గండి.

ఇదంతా ఫైల్‌లో రంగు ఉంటేనే. కెమెరాలో మోనోక్రోమ్ (బ్లాక్ అండ్ వైట్) పెట్టి, మామూలు ఫోటో ఫైల్ అయిన జేపెగ్ తీస్తే రంగు అక్కడే పోయింది, మిక్స్‌లో ఏం కదిపినా లాభం లేదు. రా ఫైల్ (కెమెరా పట్టిన సమాచారమంతా ఉంచే ఫైల్) పెట్టుకుని, దానికి తోడు మోనోక్రోమ్ ప్రొఫైల్ వేసుకోండి. తెర మీద నలుపు తెలుపే కనిపిస్తుంది, ఫైల్‌లో రంగు భద్రంగా ఉంటుంది.

ముక్కు స్పష్టం, కళ్ళు మసక

పొడుగు మూతి కుక్కను దగ్గర నుంచి, లెన్స్ రంధ్రం బాగా తెరిచి ఎఫ్ 1.8లో తీస్తే ఇంతే, స్పష్టంగా పడే లోతు తగ్గిపోతుంది. ఎఫ్ 4 పెట్టండి, ఫోకస్ దగ్గరి కంటి మీద ఉంచండి. కొత్త కెమెరాల్లో జంతువుల కళ్ళను పట్టే ఆటోఫోకస్ ఉంటుంది, ఆన్ చేశారో లేదో చూసుకోండి. ఫోన్‌లో ముక్కు మరీ బుర్రంత వస్తుంటే వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. పోర్ట్రెయిట్ మోడ్ మీసాలను మింగేస్తుంది, నేనైతే వాడను.

మొత్తం కదిలిపోయింది

షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో ఎన్నో వంతు) కూర్చున్న కుక్కకు 1/250, రొప్పుతుంటే 1/500, పరిగెడితే 1/1000. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 3200 దాకా భయపడకుండా పెంచండి, నలుపు తెలుపులో ఆ గరుకు బాగానే ఉంటుంది.

బొచ్చు గిన్నెలు తోమే స్టీల్ పీచులా ఉంది

ఎడిటింగ్‌లో క్లారిటీ (వివరాలను గట్టిగా తేల్చే స్లయిడర్) ఎక్కువైంది. తగ్గించండి. అంతే.

ప్రింట్ ఆకుపచ్చగా, చీకటిగా వచ్చింది

మొదటిసారి స్టూడియో అబ్బాయితో గొడవపడ్డాను. చాలా ల్యాబుల్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో కూడా కలర్ పేపర్ మీదే వేస్తారు, అక్కడ రంగుల తూకం కాస్త అటూఇటూ అయినా బూడిద రంగులో ఆకుపచ్చో గులాబీయో ఛాయ తేలుతుంది. అది వాళ్ళు సరిచెయ్యాల్సిందే, గట్టిగా అడగండి. చీకటి మాత్రం నా వల్లే, ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టుకుని ఎడిట్ చేశాను. బ్రైట్‌నెస్ సగానికి దించి ఎడిట్ చేసి, ముందు 4x6 ఒకటి వేయించి పగటి వెలుగులో చూసుకోండి, సరిగ్గా ఉంటేనే పెద్ద సైజుకు డబ్బు కట్టండి.