మొదటిసారి ఉమ్రా: రద్దీలో తవాఫ్ ఎలా చేయాలి?

ఉమ్రా (మక్కా యాత్ర)లో కాబా చుట్టూ తిరిగే తవాఫ్‌లో ముఖ్యం ఏడు చుట్లు పూర్తవడం. కాబాకు ఎంత దగ్గరగా తిరిగారన్నది ఎవరూ లెక్కపెట్టరు. మొదటిసారి వెళ్లేవాళ్లు చాలామంది గోడ దాకా చేరాలన్న ఆత్రంలో జనం మధ్య నలిగిపోయి, దుఆ (వేడుకోలు) మీద మనసు పెట్టలేక బయటికొస్తారు.

బయల్దేరే ముందు

వజూ (నమాజుకు ముందు చేతులూ ముఖం కాళ్లూ కడుక్కునే శుద్ధి) మీరు దిగిన గదిలోనే చేసుకోండి, నీళ్లు మితంగా తాగండి. మధ్యలో వజూ పోతే జనంలోంచి బయటపడి, వజూ చేసుకుని తిరిగి రావడానికే చాలా సేపు పడుతుంది. చెప్పులు గుడ్డసంచిలో వేసి భుజానికి తగిలించుకోండి. గేటు దగ్గర వదిలితే, వచ్చేటప్పుడు అదే గేటు గుండా పంపుతారన్న నమ్మకం లేదు. మగవాళ్లు ఇహ్రామ్ (యాత్రలో కట్టుకునే కుట్టని గుడ్డలు) కింది గుడ్డను చీలమండకు పైగా కట్టి బెల్టు బిగించాలి. దాని అంచు వెనకవాళ్ల కాలి కింద పడిందంటే ఒక్క అడుగులో ఊడొస్తుంది.

తప్పిపోతే ఎక్కడ కలవాలో గేటు నంబరుతో సహా ముందే అనుకోండి. ఆ రద్దీలో ఫోన్ మోగినా వినిపించదు.

మగ్రిబ్, ఇషా (సాయంత్రం, రాత్రి నమాజుల) మధ్య, జుమా రోజు, రంజాన్‌లో జనం బాగా ఎక్కువ. వీలైతే ఆ వేళలు తప్పించండి.

మొదలుపెట్టడం

1. హజ్రె అస్వద్ (కాబా మూలలో అమర్చిన నల్లరాయి) ఉన్న మూలకు ఎదురుగా మస్జిద్ గోడ మీద ఆకుపచ్చ లైటు ఉంటుంది. చుట్టు మొదలయ్యేదీ, ముగిసేదీ అక్కడే. పై అంతస్తుల్లోనూ ఈ గుర్తు కనిపిస్తుంది.

2. ఆ లైటుకు కాస్త ముందే తల్బియా (‘లబ్బైక్’ పలుకులు) ఆపి, నియ్యత్ (సంకల్పం) చేసుకోండి. మగవాళ్లు పై గుడ్డను కుడి చంక కింద నుంచి తీసి ఎడమ భుజం మీద వేసుకోవాలి. ఇది ఇజ్తిబా. కుడి భుజం తెరిచి ఉంచేది తవాఫ్‌లోనే. ఇహ్రామ్ కట్టినప్పటి నుంచీ అలాగే తిరిగేవాళ్లు కనిపిస్తారు, అది పద్ధతి కాదు.

3. లైటుకు సూటిగా రాగానే హజ్రె అస్వద్ వైపు చేతులెత్తి ‘బిస్మిల్లాహి అల్లాహు అక్బర్’ అని, కాబాను ఎడమ పక్కన ఉంచుకుని కదలండి. ప్రతి చుట్టులోనూ ఇక్కడికి రాగానే ఇలా సైగ చేయాలి, కానీ ఆగకూడదు. మతాఫ్‌లో (తవాఫ్ చేసే ఆవరణలో) అన్నిటికంటే ఇరుకు ఈ చోటే. ఒకరు ఆగితే వెనక పదిమంది ఒకరి మీద ఒకరు పడతారు.

రాయిని ముద్దాడటం సున్నత్ (ప్రవక్త ఆచరణ). అందుకోసం పక్కవాళ్లను మోచేతులతో నెట్టడం గునాహ్ (పాపం). ప్రవక్త (స) ఒంటె మీద తవాఫ్ చేసినప్పుడు చేతికర్రతో సైగ చేశారు, మీ సైగా చాలు. పైగా కాబా గోడకు, దాని మీద కప్పిన గిలాఫ్ గుడ్డకు అత్తరు పూస్తారు. ఇహ్రామ్‌లో ఉన్నవాళ్లకు సువాసన తగలకూడదు కాబట్టి దూరంగా ఉండటమే క్షేమం.

గుంపులో నడక

బయటి అంచున చేరి, చుట్టు చుట్టుకూ కొద్దికొద్దిగా లోపలికి జరగండి. అడ్డంగా కోసుకుంటూ వెళ్లొద్దు. ఆరో చుట్టు నుంచి అలాగే మెల్లగా బయటికి రండి. ఏదైనా కింద పడితే వంగకండి, పోతే పోనివ్వండి. ఇద్దరిద్దరు చేతులు పట్టుకోవడం మంచిదే. పదిమంది గొలుసుకట్టుగా నడిస్తే మాత్రం మధ్యలో ఎవరో ఒకరు పడిపోతారు.

మొదటి మూడు చుట్లలో మగవాళ్లు భుజాలు కదిలిస్తూ చురుగ్గా నడవాలి (రమల్). జాగా లేకపోతే మామూలు నడకే. ఆడవాళ్లకు రమల్ లేదు.

అర్ధచంద్రాకారపు గోడ ఉన్న హతీమ్ కాబాలో భాగమే. అడ్డదారని దాని లోపలి నుంచి వెళ్తే ఆ చుట్టు చెల్లదు. హజ్రె అస్వద్ మూలకు ముందు వచ్చే రుక్నె యమానీ మూలను అందితే చేత్తో తాకండి, లేకుంటే సైగ అక్కర్లేదు. అక్కడి నుంచి హజ్రె అస్వద్ దాకా ‘రబ్బనా ఆతినా ఫిద్దున్యా హసనతన్...’ దుఆ చదవాలి. మిగతా చోట్ల తెలుగులో అడుక్కున్నా సరే. పుస్తకం తెరిచి చదువుతూ నడిస్తే ముందున్నవాళ్లను గుద్దుకుంటారు.

లెక్కకు ఏడు పూసల దండ వాడండి, ఆకుపచ్చ లైటు దాటినప్పుడే పూస జరపండి. సందేహం వస్తే తక్కువ లెక్కనే తీసుకోవాలి. జమాత్ (సామూహిక నమాజు) మొదలైతే ఆగి, భుజం కప్పుకుని, నమాజు చదివి, ఆగిన చోటి నుంచి కొనసాగించండి. వజూ పోతే హనఫీ (ఇస్లాం న్యాయ సంప్రదాయాల్లో ఒకటి) పద్ధతిలోనూ ఇంతే, కాకపోతే నాలుగు చుట్లు పూర్తికాకముందే పోతే మొదటి నుంచి చేయడం మేలంటారు.

పెద్దవాళ్లకు, వీల్‌చైర్ వాళ్లకు పై అంతస్తులు నయం. ఊపిరాడుతుంది, కానీ చుట్టు చాలా పెద్దది, సమయం రెండు మూడింతలు పడుతుంది.

ఏడు చుట్లయ్యాక

భుజం కప్పుకుని రెండు రకాతులు చదవాలి. మఖామె ఇబ్రాహీం (ఇబ్రాహీం ప్రవక్త నిలబడ్డ రాయి ఉన్న చోటు) వెనకే చదవాలని నడిచే జనం మధ్య నిలబడొద్దు, మస్జిద్‌లో ఎక్కడైనా చదవొచ్చు. తర్వాత జమ్‌జమ్ తాగి, సఫా వైపు సఈకి (సఫా, మర్వా గుట్టల మధ్య నడకకు) వెళ్లండి. సఫా నుంచి మర్వాకు ఒకటి, తిరిగొస్తే రెండు. అలా ఏడోది మర్వా దగ్గర ముగుస్తుంది. రానూపోనూ కలిపి ఒకటనుకుని పద్నాలుగు తిరిగేవాళ్లూ ఉన్నారు.