బొబ్బిలి వానల్లో కాలిఫోర్నియా కౌజులు

కాలిఫోర్నియా కౌజు అమెరికా పడమటి తీరపు పొదల పిట్ట, ఎండు నేలకి అలవాటు పడ్డది. మా బొబ్బిలిలో దాన్ని చంపేది చలి కాదు, తడి. పిట్టల గది నేలని జానెడు ఎత్తు లేపి పొడి ఇసుక పరచండి. తడిసిన ఇసుక ఆరోజే ఎత్తిపోయాలి, లేకుంటే పేగు రోగాలు పట్టుకుంటాయి. తుపానప్పుడు గాలివైపు తాటాకు దడి తప్పదు.

బెదిరితే నిట్టనిలువుగా ఎగిరి తల బద్దలు కొట్టుకుంటుంది, కప్పు కింద మెత్తని వల బిగించండి. రాత్రి నిద్ర కొమ్మల మీదే, జామకొమ్మలు అడ్డంగా కట్టండి. మగదాని నుదుటిపై ముందుకు వంగిన ఆ నల్ల తురాయి ఎంత చూసినా నాకు తనివి తీరదు! చలికాలం గుంపుగా బతుకుతాయి గానీ జతకట్టాక మగవి కొట్టుకుంటాయి, గదికి ఒక్క జతే.

గుడ్లు పొదిగేది 22–23 రోజులు. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకుంటే పిల్లలు మునిగిపోతాయి. మేతతోపాటు చెదపురుగులు పెట్టండి, చోళ్లు (రాగులు) తర్వాత.