కూలర్ కింద నీళ్లా? విప్పే ముందు ఒక రాత్రి పాత పేపర్ పరచండి

మా అత్తమ్మ రాత్రి బాత్రూమ్‌కి లేచి హాల్లో కాలు జారారు. గోడ పట్టుకున్నారు కాబట్టి దెబ్బ తగల్లేదు. కానీ కూలర్ కింద ఆ తడి వారం నుంచి ఉంది. నేను రోజూ తుడిచి వదిలేస్తున్నాను. అప్పటి నుంచి ఎవరింట్లో కూలర్ కింద తడి కనిపించినా నాకు టెన్షనే.

మాది హిందూపురం. బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో మొదటి అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. వచ్చిన మెకానిక్ చూడగానే, ట్యాంకు పగిలింది, మార్చాలి అన్నాడు. తీరా చూస్తే పోయింది ట్యాంకు కాదు, అడుగున నీళ్లు వదిలే మూతకి ఉండే రబ్బరు వాషర్. పది రూపాయల వస్తువు.

అది నాకు తెలిసింది పాత పేపర్ వల్ల. నీళ్లు ఎక్కడ కారుతున్నాయని వెతక్కండి, ఎప్పుడు కారుతున్నాయో ముందు చూడండి. ఊరికే నిలవ ఉన్నప్పుడా, పంపు నడిచేటప్పుడా, ఫ్యాన్ తిరిగేటప్పుడా?

అంతకంటే ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. నీళ్లు పోసేటప్పుడు, లోపల చెయ్యి పెట్టేటప్పుడు ప్లగ్ బయటే ఉండాలి. ఇనుప బాడీ కూలర్ అయితే మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్తింగ్ లేకుండా అసలు వాడొద్దు. ముట్టుకుంటే జివ్వుమందంటే ఆ రోజుకి ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇప్పుడు నేల పొడిగా తుడిచి, కూలర్ కింద పేపర్ పరిచి, ట్యాంకు నింపి రాత్రంతా వదిలేయండి. కొళాయి నుంచి పైపు తగిలించి ఉంటే ఆ కొళాయి కట్టేయండి. పొద్దున పేపర్ తడిసిందంటే తప్పు మూతది, లేదా ట్యాంకుది. మరక సరిగ్గా మూత కిందే ఉంటే వాషర్ మార్చండి. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండిపోయి ఉంటుంది కదా, రబ్బరు గట్టిపడి బిగువు పోతుంది. కొత్తది వేశాక చేత్తో బిగిస్తే చాలు. పట్టకారుతో తిప్పితే ప్లాస్టిక్ మర విరుగుతుంది, అప్పుడు నిజంగానే ట్యాంకు మార్చాల్సి వస్తుంది.

మరక మూల దగ్గర, చక్రాల దగ్గర ఉంటే సన్నని చీలిక ఉన్నట్టు. ట్యాంకు ఖాళీ చేసి ఒక రోజు ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, ఎం-సీల్ (చీలికలు పూడ్చే జిగురు ముద్ద) కలిపి లోపలి వైపు నుంచి నొక్కండి. లోపల వేస్తే నీటి బరువే దాన్ని చీలికలోకి నొక్కి పెడుతుంది. ఇంకో రోజు ఆగి నీళ్లు పోయండి.

పేపర్ పొడిగా ఉండి, కొళాయి తెరిచాకే తడి వస్తే ఫ్లోట్ వాల్వ్ చూడండి, అంటే ట్యాంకు నిండగానే పైకి తేలి కొళాయి నీటిని ఆపే బంతి. ఆ బంతిని చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్ల చప్పుడైతే అది తేలదు, నీటిని ఆపదు. మార్చడమే.

అదీ కాకపోతే ఫ్యాన్ ఆపి పంపు ఒక్కటే అరగంట నడపండి. మా వీధిలో ఎక్కువ ఇళ్లలో తేలేది ఇక్కడే, ఎందుకంటే మావి బోరు నీళ్లు. కూలర్‌లో నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. రోజురోజుకీ చిక్కబడి, పైన నీళ్లు పంచే ట్రే రంధ్రాల్లో తెల్లగా గడ్డకడుతుంది. రంధ్రాలు మూసుకుంటే నీళ్లు ట్రే అంచు దాటి పక్కకి పొర్లుతాయి. ట్రే తీసి ఈనెల చీపురు పుల్లతో ఒక్కో రంధ్రం పొడవండి. మొండిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి గంట నానబెట్టండి, నురగ వచ్చి కరుగుతుంది. పంపు నుంచి పైకి వెళ్లే పైపు జారిందేమో కూడా చూడండి. బాల్కనీలో పెట్టినవాళ్లు వాలు చూసుకోవాలి. అక్కడ వాన నీళ్లు పోవడానికి నేల ఒక వైపుకి వంచి కడతారు, కూలర్ కూడా అటే ఒరిగి ట్రే ఆ పక్క పొర్లుతుంది. పల్లం వైపు చెక్క ముక్క పెట్టండి.

ఫ్యాన్ వేశాకే ముందుకు చుక్కలు చిమ్ముతుంటే గడ్డి జారి సందు పడి ఉంటుంది, లేదా పంపు నీళ్లు మరీ ఎక్కువగా వదులుతుంటుంది. సందు లేకుండా గడ్డి సర్దండి. నీటి ధార తగ్గించే మీట ఉంటే తగ్గించండి. తేనెపట్టు లాంటి ప్యాడ్లు ఉన్నవాళ్లు కడగడానికి తీసే ముందు ఒక ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే నీళ్లు గదిలోకి చిమ్ముతాయి.

ట్యాంకులో ఐస్ వేసినప్పుడు బయట చెమట పట్టినట్టు తడి కనిపిస్తే అది లీకు కాదు.

వారానికి ఒకసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కడగండి. ఉప్పు అంతగా పేరుకోదు, డెంగ్యూ దోమ గుడ్లు పెట్టినా పిల్లలు ఎదిగే సమయం ఉండదు. మాకు అది ఆదివారం పని. వాషర్ కొనడానికి వెళ్తే పాతది జేబులో వేసుకెళ్లండి. ఒకే కంపెనీ కూలర్లకు కూడా సైజులు వేరుగా ఉంటాయి. మా వీధి హార్డ్‌వేర్ షాపులో దొరక్క నేను ఎస్.పి. రోడ్డు మార్కెట్ దాకా వెళ్లాను, రెండు కొని ఒకటి కూలర్ వెనక టేపుతో అంటించి పెట్టాను.