తుఫానుకు ముందు చెట్టు తల కొట్టించకండి, మొదలు చూడండి

కోస్తాకు పెద్ద తుఫాన్ల భయం ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖ వీధులు ఎలా ఉన్నాయో చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటి మీదికో రోడ్డు మీదికో ఒరిగిన చెట్టుంటే ఆగస్టులోనే చూపించండి. హెచ్చరిక వచ్చాక ఎవరినీ చెట్టెక్కించకూడదు.

అందరూ పైకి చూస్తారు. గాలికి వేళ్లతో సహా లేచే చెట్టు సంగతి కిందే తెలుస్తుంది. మొదలు చుట్టూ నేల నెర్రెలిచ్చిందా? ఒక పక్క మట్టి ఉబ్బిందా? మాను అడుగున గట్టి అట్టల్లాంటి పుట్టగొడుగులు కనిపిస్తే లోపల కుళ్లు పట్టినట్టే. చిన్న సుత్తితో చుట్టూ తట్టి చూడండి, డొల్ల ఉన్నచోట శబ్దం మారుతుంది. ఏళ్లుగా వంగి పెరిగిన చెట్టు కన్నా ఈ ఏడే కొత్తగా ఒరిగినది ప్రమాదం. పైపులకో కేబుళ్లకో పక్కన తవ్వారేమో కనుక్కోండి. వేళ్లలో చాలావరకు పై రెండు మూడడుగుల మట్టిలోనే ఉంటాయి, కాబట్టి అడుగున్నర కాలువ తీసినా ఒక వైపు పట్టు పోతుంది. మాను దాకా పోసిన సిమెంటు కూడా తీయించాలి. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది.

ఇక పైన. రెండు కొమ్మలు ఇరుకుగా కలిసి మధ్యలో బెరడు నలిగిన పంగలు చీలిపోతాయి. గుల్‌మొహర్, పచ్చతురాయి కొమ్మలు పెళుసు, వాటిని ముందు చూడాలి.

తల మొత్తం నరికించడం అన్నిటికన్నా చెడ్డ పని. ఆ మోళ్ల నుంచి గుంపుగా లేచే చిగుళ్లు పైబెరడును పట్టుకుని ఉంటాయి తప్ప లోపలి కలపలోంచి రావు. రెండు మూడేళ్లకు అవే బరువెక్కి విరుగుతాయి. లోపలి కొమ్మలన్నీ తీసి చివర్లే వదిలినా బరువు చివరికి చేరి ఊపు పెరుగుతుంది. ఒక ఏడాదిలో ఆకులో పావు వంతుకు మించి తీయకూడదు, ముసలి చెట్టుకైతే ఇంకా తక్కువ.

పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు కోయాలి. దానికి రెండు మూడంగుళాలు అవతల పై నుంచి కోస్తే బెరడు చీల్చకుండా కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోడును కొమ్మ పుట్టిన చోటి ఉబ్బుకు సరిగ్గా బయట కోయాలి. ఆ ఉబ్బులోంచే గాయం మూసుకుంటుంది. దాన్ని చెక్కేసినా, మోడు వదిలేసినా కుళ్లు లోపలికి దిగుతుంది. తారు, సిమెంటు, రంగు పూయకండి, తడి లోపలే నిలిచిపోతుంది.

తీగలకు పది అడుగుల లోపు కొమ్మ ఉంటే కరెంటు ఆఫీసుకు చెప్పి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగలకు కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకున్నాకే రంపం పెట్టాలి. నిచ్చెన మీద నిలబడి మోటారు రంపం వాడనివ్వకండి, భుజం ఎత్తు దాటనివ్వకండి. హెల్మెట్, నడుముకు తాడు, కింద జనాన్ని ఆపే మనిషి తప్పనిసరి. చెట్టు పూర్తిగా కొట్టాలంటే సొంత స్థలమైనా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

కూలికి బదులు కట్టెలు తీసుకుపొమ్మనే బేరం మాత్రం వద్దు. ఎంత ఎక్కువ నరికితే అంత లాభమైతే పావు వంతు దగ్గర ఎవరాగుతారు? రోజు కూలి మాట్లాడి, ఏ కొమ్మలు తీయాలో సుద్దతో గుర్తు పెట్టి చూపించండి.