గ్యాస్ బండ నిండుగా ఉన్నా ఆర్వీ చల్లబడుతుంది

ఆర్వీ, అంటే చక్రాల మీది ఇల్లు లాంటి బండి, కొత్తగా కొన్నవాళ్లు గ్యాస్ బండ ఊపి చూసుకుని, నిండుగా ఉంది కదా అని ధీమాగా పడుకుంటారు. నేనూ అంతే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. ఆ చలి రోజుల్లోనే ఒక రాత్రి మూడింటికి మా ఫర్నేస్ (గ్యాస్ మంటతో వేడిగాలి ఇచ్చే హీటర్) టిక్కు టిక్కుమని ఊరుకుంది. మంట పట్టలేదు. బండలో గ్యాస్ ఉంది, బ్యాటరీయే చచ్చింది.

ఫర్నేస్‌లో మంట అంటించాలన్నా, వేడిగాలి తోసే బ్లోవర్ తిరగాలన్నా 12 వోల్టుల బ్యాటరీయే దిక్కు. బ్లోవర్ తిరిగినంతసేపూ ఏడెనిమిది ఆంప్స్ లాగుతుంది. 100 ఆంప్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు, చలికి అందులోనూ కోత పడుతుంది. ఫర్నేస్ ఆగకుండా తిరిగే రాత్రి తెల్లారేదాకా అది రాదు. అందుకే మంచు తుపాను హెచ్చరిక రాగానే బ్యాటరీలు ఫుల్ చార్జి చేసి, థర్మోస్టాట్ 55 ఫారెన్‌హీట్ దగ్గరికి దించండి. ఇన్వర్టర్ ఆపేయండి, ఊరికే ఆన్‌లో ఉన్నా తింటూనే ఉంటుంది. దానికి 1,500 వాట్ల కరెంటు హీటర్ తగిలిస్తే 125 ఆంప్స్ పైమాటే, అరగంట కూడా నిలవదు. లిథియం బ్యాటరీ అయితే గడ్డకట్టే చలిలో చార్జింగ్ పెట్టొద్దు, పాడవుతుంది.

20 పౌండ్ల బండ గంటకు 30,000 బీటీయూల (వేడిని కొలిచే లెక్క) ఫర్నేస్‌కు ఏకధాటిగా పద్నాలుగు గంటలు వస్తుంది. రెండోది నింపి ఉంచుకోండి. పైకప్పు వెంట్లకు దిండ్లు కుక్కి, మంచం ఉన్న వైపు దుప్పటి తెరలా కట్టి, అందరూ అక్కడే సర్దుకోండి. బయటి కుళాయి నుంచి ఆర్వీకి తగిలించిన నీళ్ల పైపు గడ్డకట్టకముందే ఊడదీయండి.

ఇక గట్టిగా చెప్పాల్సింది ఇదే. వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించొద్దు, బార్బెక్యూ బొగ్గులు లోపలికి తేవొద్దు. మా అమ్మమ్మ బాలింత గదిలో కుంపటి పెట్టేది కదా అనకండి. ఆ పెంకుటింటికి సందులుండేవి, ఆర్వీ మూత పెట్టిన డబ్బా. ఆ టెక్సాస్ చలిలో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయినవాళ్లున్నారు. దానికి వాసన ఉండదు. జనరేటర్‌ను కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి. ఫర్నేస్ పొగగొట్టానికి మంచు అడ్డుపడితే రాత్రి లేచైనా తీయాల్సిందే. కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి, వెనక ఎక్స్‌పైరీ తేదీ కూడా. తలనొప్పీ వికారమూ ఒకేసారి మొదలైతే జాకెట్ కోసం వెతకొద్దు, పిల్లలతో బయటపడి 911కి ఫోన్ చేయండి.

మధ్యాహ్నానికే బ్యాటరీ 12 వోల్టుల కిందికి దిగి, చార్జింగ్‌కు దారి లేకపోతే హోటల్‌కో, స్నేహితుల ఇంటికో బయలుదేరండి. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద అద్దంలా మంచు పేరుకుంటుంది.