ఇంట్లో ఉప్పును కొలిచి తగ్గించుకోవడం ఎలా?

పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో, చారులో, పచ్చడిలో కలిసిపోయే ఉప్పును మనిషికి ఇంతని లెక్కకట్టడం కష్టం కాబట్టి, ముందు ప్యాకెట్టును గమనించండి. కొత్త కిలో ప్యాకెట్టు విప్పిన తేదీని దాని మీదే రాయండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో అది కనీసం 50 రోజులు రావాలి. నెలకే ఖాళీ అయితే మనిషికి 8 గ్రాములు దాటినట్టే. బజారులో కొన్న అప్పడాలు, చిరుతిళ్లు, వేసవిలో కల్లుప్పుతో పెట్టిన ఆవకాయ ఈ లెక్కలోకి ఇంకా రానేలేదు.

లెక్క తేలిందని ఒక్కసారిగా సగానికి తగ్గించకండి. చప్పగా ఉందని ఇంటిల్లిపాదీ మళ్లీ పాత కొలతనే కోరుకుంటారు. బ్రిటన్‌లో 2003 నుంచి ఆహార కంపెనీల చేత రొట్టెల వంటి పదార్థాల్లో ఉప్పును కొద్దికొద్దిగా తగ్గింపజేయడంతో, 2001 ప్రాంతంలో సుమారు 9.5 గ్రాములున్న సగటు వాడకం 2011 నాటికి 8.1 గ్రాములకు దిగింది. మన దేశంలో ఉప్పు ఎక్కువగా పడేది ఇంటి వంటలోనే కనుక, ఆ పని వంట చేసేవారే చేయగలరు. చేతి అంచనా మానేసి చెంచాతో కొలవండి. ఆ కొలతలో పదో వంతు తగ్గించి, రెండు మూడు వారాలు ఆగి, నాలుక అలవాటుపడ్డాక మరికొంత తగ్గించండి.

ఆవకాయ వడ్డించే రోజున పప్పులో ఉప్పు బాగా తగ్గించవచ్చు, ఎందుకంటే కలుపుకొని తినేటప్పుడు ఊరగాయే ఆ లోటు తీరుస్తుంది. అన్నం వండేటప్పుడు, చపాతీ పిండి కలిపేటప్పుడు ఉప్పు అసలు అక్కర్లేదు. చింతపండు, నిమ్మరసం, ఇంగువ పోపు ఉన్న వంటల్లో తగ్గినట్టే తెలియదు. విస్తరిలో విడిగా ఉప్పు వడ్డించే ఆచారాన్ని మాత్రం మానుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ప్యాకెట్టు ఆహారం కొనేటప్పుడు సోడియం అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పెంతో తెలుస్తుంది: 800 మిల్లీగ్రాముల సోడియమంటే 2 గ్రాముల ఉప్పు.

సైంధవ లవణానికి మారినంత మాత్రాన సోడియం చెప్పుకోదగినంత తగ్గదు, పైగా అయోడిన్ కలపనిదైతే ఆ లాభమూ పోతుంది. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు రక్తపోటును తగ్గిస్తుంది గానీ, మూత్రపిండాల జబ్బున్నవారు, పొటాషియాన్ని పెంచే మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా దాన్ని వాడకూడదు.