చోబే నదిలో హౌస్‌బోటు సఫారీ: ముందు నెల, తరువాతే పడవ

ఆఫ్రికా వన్యమృగాలను చూడాలనుకునే మనవారిలో చాలామంది ఆలోచన కెన్యాలోని మసాయి మారా దగ్గరే ఆగిపోతుంది. జీపులో మైదానాల వెంట తిరిగే ఆ సఫారీ గొప్పదే. అయితే పడకగది, భోజనశాల, పైడెక్కు అన్నీ ఉన్న హౌస్‌బోటులోనే బస చేస్తూ, నీళ్లకు దిగిన ఏనుగుల మందను నీటి మట్టం నుంచే చూడాలంటే వెళ్లవలసిన చోటు చోబే నది. బోట్స్వానాకు ఉత్తరాన, నమీబియాకు ఈశాన్యపు కొసన ఈ నదే సరిహద్దు. దక్షిణపు ఒడ్డున 1960ల చివర్లో ఏర్పడిన చోబే జాతీయ పార్కు సుమారు 11,700 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. ఆఫ్రికాలో మరే దేశంలోనూ లేనన్ని ఏనుగులు, దాదాపు 1,30,000, బోట్స్వానాలో ఉన్నాయి. వాటిలో చాలా ఏనుగులు వానలు లేని నెలల్లో ఈ నది మీదే ఆధారపడతాయి.

ఈ ప్రయాణానికి డబ్బు బాగానే ఖర్చవుతుంది కాబట్టి సహజంగానే అందరూ ముందుగా పడవ ఫోటోలు చూసి, గది నచ్చితే సెలవులను దానికి తగినట్టు సర్దుకుంటారు. నా అభిప్రాయంలో వరుస అది కాదు. ముందు నెల, తరువాత పడవ, ఆపైన వీసాలు, చివరికి విమానం టికెట్లు. ఎందుకంటే ఇక్కడ ఏ జంతువు కనిపిస్తుందో, మీరు ఎక్కిన పడవ ఎంత దూరం పోగలదో నిర్ణయించేది నీరే.

చోబే ప్రాంతంలో వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి. ఆ నెలల్లో అడవి లోపలి గుంటలన్నీ నిండి ఉంటాయి కనుక ఏనుగులకు నది దాకా రావలసిన అవసరం ఉండదు. మందలు చెల్లాచెదురుగా లోపలే తిరుగుతాయి. మే నెల దాటాక గుంటలు ఒక్కొక్కటే ఎండిపోతుంటే మందలు నది వైపు నడక మొదలుపెడతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు సాయంత్రాల్లో ఒడ్డు పొడవునా అవే కనిపిస్తాయి. నది మట్టం మాత్రం స్థానిక వానలను బట్టి నడవదు. అంగోలా, జాంబియా ఎగువ ప్రాంతాల్లో పడిన వాన నీరు నెమ్మదిగా దిగి వచ్చి, మార్చి నుంచి మే వరకు, చోబే వెళ్లి కలిసే జాంబెజీ నది ఉప్పొంగినప్పుడు చోబే మైదానంలోకి వెనక్కి ఎగదన్నుతుంది. అందువల్ల స్థానికంగా వానలు వెనుకబట్టిన తరువాతే మైదానం నిండా నీళ్లు పరుచుకుంటాయి; అక్కడి నుంచి మట్టం నెలనెలా తగ్గుతూ వస్తుంది. గోదావరి మీద పాపికొండల లాంచీలు వరద పెరిగితే ఆగిపోతాయి. చోబేలో పెద్ద హౌస్‌బోటుకు చిక్కు వచ్చేది నీరు తగ్గినప్పుడు. మట్టం మరీ పడిపోయిన వారాల్లో పెద్ద పడవ ఒకే చోట లంగరు వేసి ఉండిపోవచ్చు.

ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే జూలై, ఆగస్టు నెలలు అన్నివిధాలా మేలు. పడవ కదలడానికి నీరు ఉంటుంది, ఏనుగులు నదికి చేరుకుని ఉంటాయి, ఆకులు రాలి పొదలు పలచబడతాయి. తెల్లవారుజామున మాత్రం నది మీద చలి గట్టిగా ఉంటుంది. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని స్వెట్టరు, చెవులు కప్పే టోపీ లేకుండా వెళ్లినవారు మొదటి ఉదయమే ఇబ్బంది పడతారు. అక్టోబరులో మృగాలు ఇంకా ఎక్కువగా కనిపిస్తాయి గానీ ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది, కార్చిచ్చుల పొగతో ఆకాశం మసకబారుతుంది. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారికి ఆ నెల నేను సూచించను. పక్షుల మీద మక్కువ ఉన్నవారికి వానాకాలమే సరైనది. ఈ పార్కులో 450కి పైగా పక్షి జాతులను గుర్తించారు, పైగా ఆ నెలల్లో ధరలు కూడా తగ్గుతాయి.

పడవల విషయానికి వస్తే, చోబే మీద అందరికీ తెలిసినది 14 సూట్లున్న జాంబెజీ క్వీన్. నాలుగైదు గదులతో నడిచే చోబే ప్రిన్సెస్ పడవలు ఒక కుటుంబమో, స్నేహితుల బృందమో మొత్తంగా తీసుకోవడానికి అనువైనవి. ఫ్రాన్స్‌కు చెందిన క్రోసీయూరప్ సంస్థ చోబే ప్రయాణాన్ని జింబాబ్వేలోని కరీబా సరస్సుతో కలిపి నడుపుతుంది. ఏ పడవైనా గుర్తుంచుకోవలసినది ఒకటే: పెద్ద పడవ జంతువుల దగ్గరకు పోదు. దాని పక్కన కట్టి ఉండే చిన్న మోటారు పడవలో ఉదయం ఒకసారి, మధ్యాహ్నం దాటాక మరోసారి గైడుతో వెళ్లేదే అసలు సఫారీ. కాబట్టి బుక్ చేసే ముందు గది వైశాల్యం గురించి అడిగే ప్రశ్నలకు రెట్టింపు ప్రశ్నలు ఈ చిన్న పడవ గురించి అడగండి. ఒక్కో పడవలో ఎంతమందిని ఎక్కిస్తారు, ప్రతి ఒక్కరికీ అంచు సీటు వస్తుందా, ఎండకు పైకప్పు ఉందా, ఒకే గైడు ప్రయాణమంతా మీతో ఉంటారా? గదికి పెట్టే అదనపు డబ్బును సొంత పడవకూ సొంత గైడుకూ పెట్టడమే తెలివైన విలాసమని నా గట్టి నమ్మకం. అప్పుడు ఒక మంద దగ్గర గంటసేపు కదలకుండా ఉండిపోవాలని మీకు అనిపిస్తే తొందరపెట్టేవారు ఉండరు.

ఆ గంటసేపు ఏం చూడాలో కూడా తెలిసి వెళ్తే మంచిది. బోట్స్వానా ఒడ్డునున్న కసానే ఊరికి దగ్గరలో నది మధ్యన సెదూదు అనే పచ్చిక ద్వీపం ఉంది. ఇది ఎవరిదన్న వివాదం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లగా 1999లో బోట్స్వానాదేనని తీర్పు వచ్చింది. ఈ గడ్డి కోసం ఏనుగులు నది ఈదుతాయి. పెద్ద ఆడ ఏనుగు ముందు దిగుతుంది, గున్నలు పెద్దవాటి మధ్యన ఒదిగి వస్తాయి, లోతు పెరిగేకొద్దీ ఒళ్లు మునిగిపోయి చివరికి ఊపిరి కోసం పైకెత్తిన తొండాలే నీటి మీద తేలుతూ కనిపిస్తాయి. ద్వీపం ఎక్కాక గడ్డిని ముందుకాలితో తన్ని, తొండంతో పెకలించి, వేళ్లకు అంటిన మట్టి పోయేదాకా నీటిలో జాడించి అప్పుడు నోట పెట్టుకుంటాయి. నెలల గున్నలకు తొండంతో నీళ్లు పీల్చడం ఇంకా రాదు. అవి మోకాళ్లు వంచి నేరుగా నోటితోనే తాగుతాయి. అడవి దున్నలు, నీటి గుర్రాలు, మొసళ్లు, రెడ్ లెచ్వే అనే నీటి జింకలు కూడా ఇదే చుట్టుపక్కల కనబడతాయి. ఫోటోలు తీసేవారికి ఇంకో సౌలభ్యం ఉంది. జంతువులు ఎక్కువగా ఉండేది దక్షిణపు ఒడ్డున. దక్షిణార్ధగోళంలో చలికాలపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. నది మీద ఉన్న మీ వీపు మీదుగా వెలుతురు నేరుగా వాటి మీద పడుతుంది. 100–400 మిల్లీమీటర్ల లెన్సు, 8×42 బైనాక్యులర్లు చాలు. చేతులు మాత్రం నీటిలో పెట్టవద్దు, పడవలో గైడు చెప్పకుండా లేచి నిలబడవద్దు.

నది మీద సింహం, చిరుత కనిపించడం అదృష్టం. అందుకని కనీసం ఒక ఉదయం పార్కులో జీపు సఫారీకి కేటాయించండి. హౌస్‌బోటులో మూడు రాత్రులకు తక్కువ ఉంటే ఇంత దూరం వెళ్లినందుకు న్యాయం జరగదు.

వీసాల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. ఈ హౌస్‌బోట్లలో ఎక్కువ భాగం నమీబియా వైపున నడుస్తాయి. ప్రయాణికులు కసానేలో బోట్స్వానా ఇమిగ్రేషన్ ముగించుకుని, చిన్న పడవలో ఇంపలీలా ద్వీపానికి వెళ్లి, అక్కడ నమీబియా ముద్ర వేయించుకున్నాకే పడవ ఎక్కుతారు. దిగేటప్పుడు మళ్లీ ఇదే తంతు. పార్కులో జీపు సఫారీ కోసం మధ్యలో దాటితే ఇంకోసారి. కనుక బోట్స్వానా వీసాను ఒక్క ప్రవేశానికి తీసుకుంటే తిరుగు ప్రయాణంలో నది అవతలే చిక్కుకుంటారు. బహుళ ప్రవేశాల వీసాయే అడగాలి. ముద్రలు చాలా పడతాయి కాబట్టి పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు చూసుకోండి. పిల్లలు వెంట ఉంటే జనన ధ్రువపత్రాలు, తల్లిదండ్రుల్లో ఒక్కరే వస్తుంటే రెండవవారి అంగీకార పత్రం సిద్ధంగా ఉంచాలి. హైదరాబాదు నుంచి అమ్మానాన్నలు, డల్లాస్ నుంచి పిల్లలు వచ్చి కలిసే కుటుంబాల్లో ఒక్కో పాస్‌పోర్టుకు ఒక్కో నియమం ఉంటుంది. నమీబియా 2025 ఏప్రిల్ నుంచి అమెరికా పాస్‌పోర్టులకూ వీసా పెట్టింది.

జొహానెస్‌బర్గ్ నుంచి కసానేకు నేరుగా విమానం ఉంది. జింబాబ్వేలోని విక్టోరియా ఫాల్స్‌లో దిగితే అక్కడి నుంచి రోడ్డు దారిన సుమారు 80 కిలోమీటర్లు. అన్ని విమానాలనూ ఒకే టికెట్‌పై తీసుకుంటే సామాను గమ్యం దాకా చేరుతుంది. విడివిడిగా కొంటే సామాను కోసం జొహానెస్‌బర్గ్‌లో బయటకు రావలసి వస్తుంది, దానికి భారత పాస్‌పోర్టు ఉన్నవారికి దక్షిణాఫ్రికా వీసా కావాలి. బోట్స్వానాలోనే ఉన్న ఒకవాంగో డెల్టా వంటి చోట్లకు చిన్న విమానంలో పోయే ఆలోచన ఉంటే బరువు 20 కిలోలు దాటని మెత్తటి సంచీలే సర్దుకోండి. 1,708 మీటర్ల వెడల్పున్న విక్టోరియా జలపాతాన్ని ఎలాగూ చూస్తారు. ఏప్రిల్‌లో తుంపర తెరలా కమ్మి ఏమీ కనబడదు, అక్టోబరు నాటికి జాంబియా వైపు చాలా భాగం బండలు తేలుతుంది. ఇక్కడ కూడా జూలై, ఆగస్టులే బాగుంటాయి.

చోబే మలేరియా ప్రాంతం. వెళ్లడానికి కనీసం నెల ముందే డాక్టరును కలిసి నివారణ మాత్రలు రాయించుకోండి. ఎల్లో ఫీవర్ వ్యాప్తి ఉన్న దేశాల మీదుగా వెళ్తుంటే టీకా పత్రం అడగవచ్చు; టీకా ప్రయాణానికి పది రోజుల ముందు వేయించుకుంటేనే ఆ పత్రం చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో దీన్ని వేస్తారు. వైద్య బీమాలో విమానంలో తరలించే ఖర్చు కలిసి ఉందో లేదో చూడాలి; కసానేలో పెద్దాసుపత్రి సదుపాయాలు ఆశించలేం.

ధర చెప్పేటప్పుడు సాధారణంగా ఇద్దరు ఒక గది పంచుకుంటే మనిషికి ఎంతో చెబుతారు. ఒంటరిగా వెళ్లేవారికి అదనంగా పడుతుంది. పార్కు రుసుములు, సరిహద్దు దాటించే పడవలు, పానీయాలు అందులో కలిశాయా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మన దేశపు ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే పన్ను) వసూలు చేస్తారు. దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. జూలై, ఆగస్టు గదులు త్వరగా నిండిపోతాయి కనుక తొమ్మిది నుంచి పన్నెండు నెలల ముందే అడ్వాన్సు కట్టడం మంచిది. శాకాహారులు ఆ సమయంలోనే గుడ్డు, చేప, మాంసపు రసం ఏదీ ముట్టుకోబోమని విడివిడిగా రాసి పంపాలి. పడవ కసానే నుంచి సరుకు నింపుకుని బయలుదేరుతుంది. నడి నదిలో అడిగితే వంటవాడు ఎంత మంచివాడైనా చేయగలిగింది తక్కువ.